అమ్మినవాళ్ళ చరిత్ర

తెలంగాణలో బంగారాన్ని తులాల్లో చెప్తారు, కోస్తాలో కాసుల్లో చెప్తారు. ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ పెళ్ళి సంబంధం కుదిరినప్పుడు ఈ లెక్క దగ్గర రెండువైపులా కాసేపు తడుముకుంటారు. ఇవాళ్టి వాడుకలో తులం పది గ్రాములు, కాసు ఎనిమిది. కాస్త వెనక్కి వెళ్తే ఈ రెండు కొలతల వెనకా రెండు నాణేలు కనిపిస్తాయి. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలోని ప్రాంతాలన్నిటికీ ఒకటే రూపాయి అన్నప్పుడు, ఆ రూపాయి బరువు సరిగ్గా ఒక తులం. 180 గ్రెయిన్లు, మన లెక్కలో 11.66 గ్రాములు. కాసు బరువేమో ఇంగ్లండు బంగారు సవరనుది, ఎనిమిది గ్రాములకు వెంట్రుకవాసి తక్కువ. సవరను ఇరవై రెండు క్యారెట్లు, అంటే పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు మేలిమి. కంపెనీ రూపాయిలో వెండి కూడా అంతే, పన్నెండింట పదకొండు. పదకొండుని పన్నెండుతో భాగించి చూడండి. నగల షాపు బోర్డు మీద మనం రోజూ చూసే 916 అదే.

ఈ చిన్న లెక్క నాకెందుకు ఇష్టమంటే, మన ముందుతరాలవాళ్ళు లోహాన్నీ డబ్బునీ వేరువేరుగా చూడలేదని ఇది గుర్తుచేస్తుంది. రూపాయలు కరిగిస్తే కడియం, కడియం కరిగిస్తే రూపాయలు. మధ్యలో కంసాలి కూలి, కాస్త తరుగు, అంతే. ఇంట్లో త్రాసు రాళ్ళు లేకపోతే రూపాయి బిళ్ళలే తులం రాళ్ళు.

ఈ ఏడాది మా చుట్టాల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చాలామంది ఒకటే అడుగుతున్నారు: "బంగారం కొనడం మొదలుపెడదామనుకుంటున్నా, ఎట్లా కొనాలి? వెండి కూడా కొనచ్చా?" ఈ ప్రశ్నకి జవాబు చెప్పే వీడియోలకి కొదవలేదు. అన్నిట్లోనూ ఒక గ్రాఫ్ ఉంటుంది, అది ఎప్పుడూ కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూలకి ఎక్కుతూ ఉంటుంది. కొన్నవాళ్ళ చరిత్ర అది. నాకు మాత్రం అమ్మినవాళ్ళ చరిత్ర చదవాలనిపిస్తుంది. ఎవరు, ఏ అవసరంలో, ఎవరి దగ్గరికి పట్టుకెళ్ళి అమ్మారు? ఏ ధర వచ్చింది? ఆ ధర ఎవరు నిర్ణయించారు? గత నూటయాభై ఏళ్ళలో మన ప్రాంతంలో ఈ ప్రశ్నలకి వచ్చిన జవాబులు గ్రాఫంత నున్నగా లేవు.

నిజానికి దక్షిణాదికి వెండి డబ్బు మరీ పాత చుట్టమేం కాదు. మాడలు, గద్యాణాలు, విజయనగరం వరహాలు, అన్నీ బంగారమే. మద్రాసులో కంపెనీవాళ్ళ లెక్కలు కూడా 1818 దాకా పగోడాల్లోనే, అంటే మన వరహాల్లోనే నడిచాయి. ఆ ఏడు ప్రెసిడెన్సీకి వెండి రూపాయి ప్రామాణిక నాణెం అయింది. నూరు పగోడాలకి 350 రూపాయలు మారకం. అక్కణ్ణుంచి శిస్తు వెండి, కూలి వెండి, అప్పు వెండి. డబ్బున్న ఇళ్ళలో బంగారం ఉండేది నిజమే గానీ రైతుల, కూలీల ఇళ్ళలో దాపుడు సొమ్మంటే కాలి కడియాలు, దండకడియాలు, మురుగులు, మొలతాళ్ళు. పంట బాగా వచ్చిన ఏడు ఒక జత కడియాలు చేరేవి, రాని ఏడు ఒక జత పోయేవి.

ఆ ఏర్పాటుకి వెనక ఒక చట్టబద్ధమైన ఆధారం ఉండేది. అప్పట్లో ఎవరైనా సరే వెండి పట్టుకెళ్ళి సర్కారు టంకశాలలో ఇస్తే, నూటికి రెండు వంతున సుంకం, కాస్త కరిగింపు ఖర్చు పట్టుకుని, మిగతాది రూపాయలు కొట్టి చేతిలో పెట్టేవాళ్ళు. కర్నూలు జిల్లా పల్లెలోని రైతు బొంబాయి టంకశాల దాకా వెళ్తాడా అంటే వెళ్ళడు. మద్రాసు టంకశాల 1869లోనే మూతపడింది కూడా. కానీ ఊళ్ళో షావుకారికి తెలుసు, ఈ కడియాలు బొంబాయి పంపితే రూపాయికి రూపాయి వస్తుందని. కాబట్టి ఆయన ఎంత బేరమాడినా ధర ఒక మట్టానికి దిగేది కాదు. తులం వెండికి పదిహేను అణాల చిల్లర అనేది ఎక్కడో బొంబాయిలో ఉన్న తలుపు పుణ్యం.

1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో ఆ తలుపు ఎంత పనికొచ్చిందో తేలింది. ధాత కరువు అని మనవాళ్ళు ఇప్పటికీ తలుచుకునేది దాన్నే, ధాత నామ సంవత్సరం పేరు మీద. కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. ఆ ఏళ్ళలో బొంబాయి టంకశాలకి దేశీ నగల వెండి కుప్పలుగా వచ్చింది. పడమటి, దక్షిణ జిల్లాల ఆడవాళ్ళ కాళ్ళ మీదున్నదంతా రూపాయలుగా మారి గింజల కోసం వెళ్ళిపోయిందన్నమాట. లక్షలమంది చచ్చిపోయారు. నగలున్నవాళ్ళంతా బతికారని నేననను. షావుకార్లు మోసం చెయ్యలేదనీ అనను. కానీ కడియం అమ్మినప్పుడు అది ఇంచుమించు డబ్బే.

పదహారేళ్ళ తర్వాత ఆ మాట నిజం కాకుండా పోయింది.

దానికి కారణం మన ఊళ్ళలో లేదు. 1871 తర్వాత జర్మనీ వెండి వదిలేసి బంగారు నాణేలకి మారింది, 1873లో అమెరికా దాదాపు అదే పని చేసింది, మిగతా యూరపు వాళ్ళ వెనకే నడిచింది. అమెరికా పడమటి గనుల నుంచి కొత్త వెండి వచ్చి పడుతోంది. లండన్లో ఔన్సు అరవై పెన్నీలున్న వెండి 1892 కల్లా నలభైకి దిగిపోయింది. రూపాయి వెండిది కాబట్టి రూపాయి కూడా దాంతోపాటే దిగింది, రెండు షిల్లింగుల దగ్గర్నుంచి షిల్లింగు మూడు పెన్నీలకి. భారత ప్రభుత్వం ఏటా ఇంగ్లండుకి కట్టాల్సిన 'హోం ఛార్జీలు' ఉండేవి: పింఛన్లు, వడ్డీలు, ఇండియా ఆఫీసు ఖర్చులు. అవన్నీ పౌండ్లలో కట్టాలి. రూపాయి దిగేకొద్దీ అన్ని పౌండ్లకి ఎక్కువ రూపాయలు వసూలు చెయ్యాలి. ఇక్కడ పనిచేసే ఇంగ్లీషు దొరలు ఇంటికి పంపే డబ్బు కూడా చిక్కిపోతోంది. లార్డ్ హెర్షెల్ అధ్యక్షతన ఒక కమిటీ కూర్చుంది. 1893 జూన్ 26న సర్కారు టంకశాలల్లో ప్రజల వెండికి నాణేలు కొట్టడం ఆపేస్తూ చట్టం వచ్చింది.

రూపాయి బతికింది. కొత్త రూపాయలు కొట్టడం తగ్గి అవి అరుదయ్యేసరికి, కొన్నేళ్ళలో షిల్లింగు నాలుగు పెన్నీల దగ్గర నిలబడింది. వెండి మాత్రం ఇంకా కిందికి, ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు పెన్నీలకి పోయింది. ఆ లెక్కన చూస్తే 1890ల చివర్లో ఒక రూపాయి బిళ్ళలో ఉన్న వెండి ఖరీదు సుమారు పది అణాలు. బిళ్ళ వెండిదే, విలువ మాత్రం సర్కారు మాటది. రైతు భార్య కాలి కడియంలోనూ సరిగ్గా అదే వెండి ఉంది, అదే వన్నె, అదే బరువు. దానికి సర్కారు మాట లేదు కాబట్టి అది పది అణాలే. శిస్తు మాత్రం రూపాయల్లో కట్టాలి.

నేను చదివిన ఆర్థిక చరిత్రలో ఇంత నిశ్శబ్దంగా జరిగిన దోపిడీ ఇంకోటి తగల్లేదు. ఎవరి ఇంటికీ జవాను వెళ్ళలేదు. ఎవరి పెట్టే పగలగొట్టలేదు. దేశంలో ఉన్న ప్రతి వెండి నగలోంచీ మూడోవంతు పైగా విలువ ఆవిరైపోయింది. నగ పెట్టుకున్న మనిషికి ఆ సంగతి కరువొస్తేగానీ తెలియదు. కరువు 1896–97లో వచ్చింది, రాయలసీమ జిల్లాలూ, అటు గంజాం, విశాఖపట్నం జిల్లాలూ మళ్ళీ దెబ్బతిన్నాయి. ఈసారి కడియాలు పట్టుకెళ్ళిన వాళ్ళకి షావుకారు పది అణాల లెక్కలోంచి తన లాభం తీసుకుని చేతిలో పెట్టాడు. దాదాభాయి నౌరోజీ వంటివాళ్ళు దీన్ని గట్టిగానే ఎత్తిచూపారు: రూపాయి ఖరీదు పెంచడమంటే పేరు మార్చి పన్ను పెంచడమే అని. టంకశాల మాత్రం ప్రజల వెండికి మళ్ళీ తెరుచుకోలేదు.

బంగారు పళ్ళేనికైనా గోడ చేర్పు కావాలని సామెత. వెండి కడియానికి చేర్పుగా ఉన్న గోడ టంకశాల. గోడ తీసేశాక కడియం వెండి ముక్కగా మిగిలింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మొదటి ప్రపంచయుద్ధంలో కథ తలకిందులైంది. వెండి ధర ఎక్కి ఎక్కి రూపాయి బిళ్ళలోని లోహం రూపాయి కంటే ఖరీదయ్యే చోటుకి వచ్చింది. అప్పుడేం చేశారు? నాణేలు కరిగించడం నేరం అన్నారు. 1917 నవంబరు 30న అయిదో జార్జి బొమ్మతో మొట్టమొదటి రూపాయి నోటు వేశారు. నోట్లు పట్టుకొచ్చి బిళ్ళలు ఇమ్మని జనం ఎగబడుతుంటే, 1918లో అమెరికా ప్రత్యేకంగా చట్టం చేసి తన ఖజానాలోంచి ఇరవై కోట్ల ఔన్సుల వెండి ఇక్కడికి పంపాల్సొచ్చింది. వెండి పడిపోయినప్పుడు నష్టం ప్రజలది, పెరిగినప్పుడు లాభం తీసుకోవడం నేరం. ఇప్పటికీ చాలా ఇళ్ళలో బీరువా అడుగున రాణీ రూపాయలు, జార్జి రూపాయలు ఉంటాయి. వాటిని చూసినప్పుడు నాకు లక్ష్మీదేవి కంటే ముందు ఈ పాత చట్టాలు గుర్తొస్తాయి. అందం చూసే కన్ను పాడైపోయిందని ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు.

వెండి అలా దెబ్బతీశాక నాలుగు డబ్బులున్నవాళ్ళంతా మెల్లగా బంగారం వైపు జరిగారు. 1899లో సవరను పదిహేను రూపాయలకి చట్టబద్ధంగా చెల్లే నాణెం అయింది. కాసు మాట పాతదే గానీ, కాసు బంగారమంటే ఎనిమిది గ్రాములనే లెక్క స్థిరపడటానికి ఆ కాలపు సవరన్లే కారణమని నా అనుమానం. 1927 చట్టం ప్రకారం ప్రభుత్వం తులం బంగారాన్ని ఇరవై ఒక్క రూపాయల మూడణాల పది పైల చొప్పున కొనాలి. మళ్ళీ ఒక తలుపు, ఈసారి పచ్చలోహానికి.

1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వడ్ల ధర సగానికి పడిపోయింది. శిస్తు తగ్గలేదు, అప్పు తగ్గలేదు. రైతులు ఏం అమ్మారో చెప్పక్కర్లేదు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారాన్ని వదిలేసింది, రూపాయిని పౌండుకే కట్టేసి ఉంచారు. దాంతో బొంబాయిలో తులం బంగారం ఇరవై ఒకటి నుంచి ముప్పై దాకా ఎగిరింది. ఆ తర్వాత రెండు ఆర్థిక సంవత్సరాల్లో దేశం నుంచి వెళ్ళిన బంగారం విలువ నూరు కోట్లు దాటింది. దాన్ని అప్పటి పత్రికలు ఆపద బంగారం అన్నాయి.

ఈ ఘట్టం మీద చరిత్రకారులకి ఏకాభిప్రాయం లేదు. మంచి ధర వచ్చింది కాబట్టి లాభానికి అమ్ముకున్నారని కొందరు, గతిలేక అమ్మారని కొందరు. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. ఇరవై రూపాయలకి కొన్న తులం ముప్పైకి పోయింది, ఆ పది రూపాయలు ఎంతోమంది భూములు వేలం నుంచి కాపాడి ఉంటాయి. కానీ గతిలేనివాడు ముందు అమ్ముతాడు, ఉన్నవాడు ఆగి అమ్ముతాడు. 1890ల వెండిరైతుకీ 1931 బంగారురైతుకీ తేడా లోహంలో వెతికితే సగమే దొరుకుతుంది. రెండుసార్లూ ధర నిర్ణయించింది లండన్. ఒకసారి ఆ నిర్ణయం రైతు నెత్తిన పడింది, ఇంకోసారి అనుకోకుండా ఆయన ఒళ్ళో పడింది.

స్వాతంత్ర్యం తర్వాత కథ మనవాళ్ళ చేతికొచ్చింది. దాన్నేం చేశారో మన తాతముత్తాతలకంటే మన కంసాలులు బాగా చెప్పగలరు. 1962లో చైనా యుద్ధం, విదేశీ మారకం కరువు. ఆ నవంబరులో మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా బంగారు బాండ్లు తెచ్చారు: మీ బంగారం ఇవ్వండి, ఆరున్నర శాతం వడ్డీతో పదిహేనేళ్ళ బాండు ఇస్తాం అని. బంగారానికి కట్టిన లెక్క అంతర్జాతీయ ధర, తులానికి అరవై రెండున్నర రూపాయలు. బజార్లో ధర అప్పటికి దానికి దాదాపు రెట్టింపు. దేశభక్తి ఎంతున్నా సగం ధరకి ఎంతమంది ఇస్తారు? పదహారు టన్నుల చిల్లర వచ్చింది.

1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. పద్నాలుగు క్యారెట్లకి మించి కొత్త నగలు చెయ్యకూడదు. మన పాత లెక్కలో మేలిమి బంగారం పదహారు వన్నెలు. ఆ కొలతన ఇది తొమ్మిదిన్నర వన్నెలు కూడా కాదు. రంగు రాదు, సుత్తికి లొంగదు, పాత పనితనం దాని మీద సాగదు. తరాల నుంచి అదే బతుకుగా ఉన్న కంసాలులు, తెలంగాణలో అవుసలవాళ్ళు, రాత్రికి రాత్రి పని లేనివాళ్ళయ్యారు. ఆత్మహత్యల వార్తలు పార్లమెంటు దాకా వెళ్ళాయి. ఆ ఏడు సెప్టెంబరులో నిబంధనలు సడలించి పాత నగలు పాత వన్నెలోనే తిరిగి చేసుకోనిచ్చారు. 1966లో పద్నాలుగు క్యారెట్ల షరతు ఎత్తేశారు. 1968లో పూర్తిస్థాయి చట్టం వచ్చింది. దాని ప్రకారం మామూలు మనిషి దగ్గర బంగారు కడ్డీ గానీ బిస్కెట్టు గానీ ఉంటే నేరం. నగలు ఉండచ్చు, అవీ ఒక పరిమితి దాటితే ప్రభుత్వానికి చెప్పాలి. 1990 జూన్ దాకా, ఇరవై రెండేళ్ళు, ఇదే చట్టం.

బంగారాన్ని నగల రూపంలోనే కొనడం మన సెంటిమెంటు అని ఆర్థిక సలహాదార్లు ఎగతాళిగా అంటుంటారు. అది విన్నప్పుడల్లా నాకు ఈ చట్టం చెప్పాలనిపిస్తుంది. మా అమ్మ తరం పొదుపు చేసిన కాలమంతా నగ తప్ప వేరే రూపంలో బంగారం ఉంచుకోవడం చట్టవిరుద్ధం. నగల మీద మోజు వేల ఏళ్ళది, కాదనను. మజూరీ, తరుగు పోగొట్టుకుని పెట్టుబడి పెట్టే అలవాటులో మాత్రం చట్టం వాటా గట్టిగానే ఉంది. కడ్డీలు కావలసినవాళ్ళకి దుబాయి నుంచి పది తులాల బిస్కెట్లు పడవల్లో వచ్చేవి. డెబ్భైల తెలుగు సినిమాల్లో విలన్ సూట్‌కేసు తెరిస్తే కనపడేవి అవే.

నిజాం బంగారం సంగతి కూడా ఈ కాలానిదే. 1965లో ఉస్మాన్ అలీఖాన్ యుద్ధం కోసం దేశానికి అయిదు టన్నుల బంగారం విరాళం ఇచ్చారని వాట్సాప్‌లో ఏటా ఒకసారి తిరుగుతుంది. సమాచారహక్కు కింద అడిగితే జాతీయ రక్షణ నిధిలో అలాంటి విరాళం ఆచూకీ లేదని తేలింది. ఆయన నిజంగా చేసింది, 425 కిలోల బంగారం జాతీయ రక్షణ బంగారు పథకంలో పెట్టుబడిగా పెట్టడం. అందులో తప్పేముంది? నాకైతే విరాళం కథ కంటే ఈ నిజమే బాగుంది. దేశంలోకెల్లా ధనవంతుడని పేరున్న మనిషి కూడా చివరికి మనలాగే బాండు కొన్నాడు.

1991 సంగతి చాలామందికి తెలుసు, అందుకని రెండు ముక్కల్లో చెప్తాను. మే నెలలో ఇరవై టన్నులు స్టేట్ బ్యాంకు ద్వారా, తిరిగి కొనుక్కునే షరతు మీద స్విట్జర్లాండుకి అమ్మారు. జులైలో, అప్పటికి పి.వి. నరసింహారావు ప్రధాని, రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెట్టింది. చేతికి వచ్చిన అప్పు 40 కోట్ల డాలర్ల పైచిలుకు. మీటనొక్కితే కదిలే లెక్క కాదు, లోహాన్ని నిజంగానే విమానాల్లో తీసుకెళ్ళాల్సొచ్చింది. మన ఇళ్ళలో జరిగేదే దేశానికీ జరిగింది: బంగారం తాళం వేసి ఇంట్లో ఉంటే అప్పిచ్చేవాడికి నమ్మకం ఉండదు, వాడి కొట్లోకి వెళ్ళాలి. ఆ అప్పు త్వరగానే తీరింది. 2009లో అదే రిజర్వు బ్యాంకు ఐఎమ్ఎఫ్ దగ్గర ఇరవై పదుల టన్నులు, అంటే 200 టన్నులు, కొనుక్కుంది. 2024లో బ్రిటన్‌లో ఉంచిన బంగారంలో వంద టన్నులదాకా ఇంటికి తెచ్చుకుంది. ఇంటి బంగారం ఇంట్లోనే ఉండాలనే మా నానమ్మ పట్టుదల ఆ పెద్ద బ్యాంకుకి కూడా పట్టుకుందని నవ్వొచ్చింది.

ఇంత చరిత్రా చెప్పి, ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళ ప్రశ్నని దాటేస్తే బాగుండదు. కొనేచోట నిలబడి కాకుండా అమ్మేచోట నిలబడి ఒక్కొక్కటే చూద్దాం.

నగ. ధర వంద రూపాయలనుకోండి, మజూరీ పన్నెండు శాతం అనుకోండి, ఆపైన మూడు శాతం జీఎస్టీ. నూట పదిహేను పైన కడతారు. రేపు పొద్దున తిరిగి ఇస్తే లోహం ఖరీదు వందే, అందులోనూ కాస్త కోత. ధర పదిహేను శాతం పెరిగాక గానీ మీరు బయల్దేరిన చోటుకి రారు. పెట్టుకోవడానికి కొంటే అది సంతోషానికి అయిన ఖర్చు, నాకే అభ్యంతరమూ లేదు. 2021 నుంచి హాల్‌మార్కు తప్పనిసరి అవుతూ వచ్చింది, నగ మీద ఆరక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. గీటురాయి మీద షాపువాడు చెప్పిందే వేదం అనే కాలం పోయింది. అమ్మేవాళ్ళకి జరిగిన మేలుల్లో ఇది పెద్దది, ఎవరూ పెద్దగా మాట్లాడుకోని మేలు కూడా.

బాండు. 2015 నవంబరులో తొలి సావరిన్ గోల్డ్ బాండు గ్రాము 2,684 రూపాయలకి ఇచ్చారు. ఎనిమిదేళ్ళకి 6,132 చొప్పున తిరిగి ఇచ్చారు, మధ్యలో ఏటా వడ్డీ. 1962 బాండుతో పోల్చి చూడండి: అప్పుడు బంగారం తీసుకుని రూపాయల్లో మాటిచ్చారు, ఈసారి రూపాయలు తీసుకుని బంగారం ధరకి మాటిచ్చారు. పెరిగిన ధర భారం ఈసారి ఖజానా మీద పడింది. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త విడత రాకపోవడానికి అదే కారణమై ఉంటుందని అనుకోవడంలో తప్పులేదు. పాతవి స్టాక్ ఎక్స్ఛేంజిలో దొరుకుతాయి, కానీ కొనేవాళ్ళు పల్చగా ఉంటారు.

ఈటీఎఫ్‌లు. బంగారానివి 2007 నుంచి, వెండివి 2022 నుంచి ఉన్నాయి. లోహం వాల్టులో ఉంటుంది, సెబీ నిఘా ఉంటుంది, అమ్మితే ఒకటి రెండు రోజుల్లో డబ్బు వస్తుంది. నెలకి వెయ్యి రూపాయలతో మొదలుపెట్టే మనిషికి నేనైతే దీన్నే చూపిస్తాను. ఫోన్‌పేలాంటి యాప్‌లలో పది రూపాయలకి దొరికే 'డిజిటల్ గోల్డ్' దీనికి తమ్ముడిలా కనిపిస్తుంది గానీ చుట్టరికం లేదు. అది తమ నియంత్రణ కిందికి రాదని సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది. కొనేటప్పటి రేటు, అమ్మేటప్పటి రేటు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కూడా తెలుస్తుంది.

ధర పెరుగుతూనే ఉంటుందా అనే ప్రశ్నకి 1980 గుర్తుచేస్తాను. ఆ జనవరిలో బంగారం ఔన్సు 850 డాలర్లకి వెళ్ళింది. మళ్ళీ ఆ అంకె చూడటానికి 2008 జనవరి రావాల్సొచ్చింది. అదే నెలలో అమెరికాలో హంట్ సోదరులు కొని కొని పేర్చినందువల్ల వెండి యాభై డాలర్ల దగ్గరికి వెళ్ళింది. మార్చి 27న ఒక్కరోజులో పదకొండు డాలర్ల కిందికి పడింది. యాభై దాటడానికి 2025 అక్టోబరు దాకా, నలభై అయిదేళ్ళు పట్టింది. మరి మన నాన్నలకి బంగారం పడిపోయినట్టు ఎందుకు గుర్తులేదు? రూపాయి దానికంటే వేగంగా పడింది కాబట్టి. 1980లో పది గ్రాములు సుమారు 1,300 రూపాయలు, 2000లో సుమారు 4,400. ఇరవై ఏళ్ళకి మూడింతల పైన. లెక్కేస్తే ఏడాదికి ఆరు శాతం, ఆ రోజుల్లో బ్యాంకు డిపాజిట్టు అంతకంటే ఎక్కువిచ్చింది.

వెండి గురించి ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పాలి. 1870కి ముందు పదిహేనున్నర తులాల వెండికి ఒక తులం బంగారం, చాలాకాలం అలాగే నడిచింది. ఈ శతాబ్దంలో ఆ నిష్పత్తి 2011లో ముప్పై దరిదాపులకి దిగింది, 2020లో నూట ఇరవై దాటింది. టంకశాల చేర్పు పోయినప్పట్నుంచీ వెండి సగం డబ్బు, సగం ఫ్యాక్టరీ సరుకు. సోలార్ ప్యానెళ్ళు ఎన్ని అమ్ముడయ్యాయో చూసి కడియం ధర ఊహించాల్సిన స్థితి. 2025 అక్టోబరులో దీపావళికి ముందు దేశంలో వెండి దొరక్క, ఈటీఎఫ్‌లు అసలు ధర కంటే చాలా ఎక్కువకి అమ్ముడుపోతుంటే, కొన్ని మ్యూచువల్ ఫండ్ సంస్థలు తమ వెండి పథకాల్లోకి కొత్తగా పెద్ద మొత్తాలు తీసుకోవడం కొన్నాళ్ళు ఆపేశాయి. ఆ వారం సరిగ్గా అప్పుడే కొనాలని ఎగబడినవాళ్ళు నాకు తెలిసి చాలామంది ఉన్నారు.

మొత్తమ్మీద నా లెక్క ఇది: సంపాదనలో పదో వంతు మించకుండా, ఎక్కువ భాగం బంగారం, వెండి ఉప్పంత. ఆర్నెల్లకి సరిపడా ఇంటిఖర్చు బ్యాంకులో పెట్టుకున్నాకే. ఆపదలో అమ్మాల్సి వచ్చేది ముందుగా బంగారమే అయితే ధర ఎవరిష్టం వాళ్ళదవుతుంది, కర్నూలు రైతుకి అయినట్టు.

చివరగా, వెండి కథలో ఒక కొత్త మలుపు. బంగారం కుదువ పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకోవడం మనకి మామూలే, వెండికి మాత్రం చాలావరకు వీధి చివరి తాకట్టు కొట్టే గతి. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల్లో మొదటిసారి బంగారంతోపాటు వెండి పేరు కూడా చేర్చి, 2026 ఏప్రిల్ 1 కల్లా అమలు చెయ్యమన్నారు. వెండి నగలైతే ఒక మనిషికి పది కిలోల దాకా, నాణేలైతే అయిదొందల గ్రాముల దాకా తాకట్టు పట్టచ్చు. కడ్డీల మీదా, ఈటీఎఫ్ యూనిట్ల మీదా ఈ అప్పు ఇవ్వకూడదు. బొంబాయి టంకశాల తలుపు మూసిన నూట ముప్పై మూడేళ్ళకి, కాలి కడియానికి మళ్ళీ ఒక చట్టబద్ధమైన కౌంటరు దొరికింది.